సంసారం నుండి వ్యక్తి వైపు: తెలుగునాట లైంగిక చికిత్స, సంబంధాల కౌన్సెలింగ్ – చేగుంట నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

లైంగిక సమస్యలకు, దాంపత్య కలహాలకు, లైంగికతతో ముడిపడిన మనోవేదనకు సలహా చెప్పడం తెలుగునాట కొత్త విషయం కాదు. శాస్త్రగ్రంథం, పత్రికా శీర్షిక, గోడ ప్రకటన, పెద్దమనుషుల పంచాయితీ, కుటుంబ న్యాయస్థానం, జిల్లా ఆసుపత్రి, ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం వేర్వేరు కాలాల్లో ఆ పని చేశాయి. అయితే ఆ సలహా ఎవరి కోసం అన్న ప్రశ్నకు అవి ఇచ్చిన సమాధానాలు ఒకటి కావు. సంసారాన్ని నిలపడమే లక్ష్యంగా మొదలైన సలహా క్రమంగా వ్యక్తి గౌరవం వైపు ఎలా కదిలిందో, ఆ కదలిక మెదక్ జిల్లా చేగుంట వంటి మండల కేంద్రానికి ఏ మేరకు అన్వయిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లైంగిక చికిత్స, దాంపత్య సలహా, సమ్మతి, గోప్యత, ట్రాన్స్‌జెండర్ ఆరోగ్యం, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, మెదక్, చేగుంట.

1. ఉపోద్ఘాతం

చేగుంట మెదక్ జిల్లాలోని ఒక మండల కేంద్రం. హైదరాబాదు నుండి నాగపూర్ వైపు సాగే 44వ జాతీయ రహదారి మార్గంలో, వడియారం రైల్వే స్టేషన్‌కు సమీపంలో ఉంది. ఇలాంటి ఊరిలో లైంగిక సమస్యతో బాధపడే వ్యక్తికి సాధారణంగా కనిపించే దారులు కొన్నే. స్నేహితుల మాట, ఊరి ఆర్.ఎం.పి., మందుల దుకాణం, గోడ మీద రాసిన ఫోను నంబరు, ఇంటి పెద్దలు, ఇవేవీ పనిచేయనప్పుడు పట్నం. భార్యాభర్తల మధ్య పొరపొచ్చం వస్తే పెద్దమనుషులు కూర్చుంటారు. ఆ కూర్చున్న చోట కట్నం గురించి, తాగుడు గురించి మాట్లాడినంత సులువుగా పడకగది గురించి మాట్లాడరు. పెళ్లి మీద ఆసక్తి లేని యువకుడు, స్త్రీని ప్రేమించిన స్త్రీ, పుట్టినప్పుడు ఇచ్చిన లింగ గుర్తింపుతో ఇమడలేని వ్యక్తి ఆ పంచాయితీ ముందుకు రావడమే అరుదు.

అందరినీ కలుపుకొనే లైంగిక చికిత్స, సంబంధాల కౌన్సెలింగ్ అనే భావన ఈ పరిస్థితికి సమాధానంగా నేడు వినిపిస్తోంది. వివాహితులు, అవివాహితులు, స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు, వికలాంగులు, వృద్ధులు అనే భేదం లేకుండా సేవ అందించడం దీని సారాంశం. ఇది పాశ్చాత్య దేశాల నుండి నేరుగా దిగుమతి అయినదన్న అభిప్రాయం సగమే సరైనది. తెలుగు సమాజంలో సలహా చెప్పే సంస్థల చరిత్రను వరుసగా పరిశీలిస్తే, ప్రతి సంస్థ తనదైన అర్హుణ్ణి నిర్ణయించుకున్నట్లు, మిగిలినవారిని వెలుపల ఉంచినట్లు అర్థమవుతుంది. నేటి కౌన్సెలింగ్ గదిలో ఏమి ఆశించవచ్చో తెలియాలంటే ఆ చేర్పులను, మినహాయింపులను ముందుగా గుర్తించాలి.

2. శాస్త్రం, సంస్కరణ, మౌనం

కామాన్ని పురుషార్థాలలో ఒకటిగా పరిగణించిన సంప్రదాయంలో లైంగికత శాస్త్రచర్చకు అర్హమైన విషయం. వాత్స్యాయనుని కామసూత్రాలు ‘తృతీయా ప్రకృతి’ అనే వర్గాన్ని పేర్కొన్నాయి. కొక్కోకుని రతిరహస్యం ఆధారంగా కూచిరాజు ఎఱ్ఱన తెలుగులో కొక్కోకం రచించాడు. ఈ గ్రంథాలను నేటి అర్థంలో చికిత్సా గ్రంథాలుగా భావించడం చారిత్రక దోషం అవుతుంది. వీటి పాఠకుడు ప్రధానంగా చదువుకున్న నాగరిక పురుషుడు. అయినప్పటికీ లైంగికత గురించి సిగ్గు లేకుండా, వర్గీకరణతో మాట్లాడే భాష ఒకటి తెలుగులో ఉండేదని ఇవి నిరూపిస్తాయి.

ఆ భాష సభ్యసమాజం నుండి తొలగిపోవడం వలస పాలన కాలపు పరిణామం. తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని రాధికాసాంత్వనంలో స్త్రీ కోరికను స్త్రీ దృష్టి నుండి చిత్రించింది. కందుకూరి వీరేశలింగం ఆ కావ్యాన్ని అశ్లీలమని తీవ్రంగా విమర్శించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దానిని పరిష్కరించి ప్రకటించగా ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం ప్రభుత్వ కాలంలోగాని ఆ నిషేధం తొలగలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించి స్త్రీ జీవితానికి కొత్త దారి చూపిన సంస్కర్తే స్త్రీ కోరికను పలికిన కావ్యాన్ని భరించలేకపోవడం ఆలోచించదగిన విషయం. సంస్కరణోద్యమం స్త్రీకి వివాహాన్ని తిరిగి ఇచ్చింది. వివాహంలో ఆమె కోరికకు మాత్రం మాట ఇవ్వలేదు. 1920లలో చలం ఆ మౌనాన్ని బద్దలుకొట్టే ప్రయత్నం చేసినా, సమాజం ఆయన రచనలను చర్చగా కాక వివాదంగానే ఎక్కువగా స్వీకరించింది.

3. పత్రికలోని సలహా గది

స్వాతంత్ర్యానంతరం తెలుగు పాఠకులకు అందుబాటులోకి వచ్చిన తొలి విస్తృత సలహా వేదిక వారపత్రిక. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల పాటు నిర్వహించిన ‘ప్రమదావనం’ శీర్షిక ఇందుకు ప్రధాన ఉదాహరణ. వంట నుండి అత్తింటి సమస్యల వరకు స్త్రీలు తమ ప్రశ్నలను ఆ శీర్షికకు పంపారు. చిరునామా తెలియనివ్వకుండా, ఊరు దాటకుండా, ముఖం చూపకుండా సలహా పొందే అవకాశం వారికి దొరికింది. కౌన్సెలింగ్‌కు ప్రాణమైన గోప్యత తెలుగులో మొదట పోస్టు కవరు రూపంలో వచ్చిందని చెప్పవచ్చు.

లైంగిక విజ్ఞానం విషయంలో ఈ పాత్రను విజయవాడకు చెందిన వైద్యుడు, గోరా కుమారుడు డాక్టర్ జి. సమరం నిర్వహించారు. పత్రికల్లో ప్రశ్నోత్తరాల ద్వారా, పుస్తకాల ద్వారా ఆయన శరీర ధర్మాలను సాధారణ పాఠకుని భాషలో వివరించారు. హస్తప్రయోగం వ్యాధి కాదని, వీర్యం పోవడం వల్ల ఆయుష్షు తగ్గదని హేతుబద్ధంగా చెప్పడం ఆయన రచనల ముఖ్య ధోరణి. ఇది చిన్న విషయం కాదు. వీర్యనష్టం వల్ల నీరసం, నరాల బలహీనత కలుగుతాయన్న భయం దక్షిణాసియా అంతటా ఉంది. మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో దీనికి ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

ఈ భయం మీద వ్యాపారమూ పెరిగింది. రహదారి పక్క గోడల మీద, రైలు పట్టాల వెంట కనిపించే ‘సెక్స్ సమస్యలకు గ్యారంటీ వైద్యం’ రాతలు దీనికి సాక్ష్యం. లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం నిషేధించింది. నిషేధం ఉన్నా గోడ రాతలు నిలిచాయి. ప్రజలకు అవసరం ఉండి, నమ్మదగిన సేవ అందుబాటులో లేకపోవడమే దీనికి ప్రధాన కారణం.

పత్రికా శీర్షికకూ పరిమితులు ఉన్నాయి. అది అక్షరాస్యులకే అందింది. ఒక ఉత్తరానికి ఒక జవాబుతో ముగిసింది. పైగా లైంగిక విజ్ఞానాన్ని ‘సంసార సుఖం’ అనే చట్రంలో చెప్పడం ఆ కాలపు పత్రికల పద్ధతి కావడంతో, పెళ్లికి వెలుపల ఉన్న జీవితం చాలావరకు దాని పరిధిలోకి రాలేదు.

4. న్యాయస్థానంలో దాంపత్యం

సలహా ఎవరి కోసం అన్న ప్రశ్న న్యాయస్థానం ముందు స్పష్టంగా నిలిచిన సందర్భం తెలుగువారిదే కావడం విశేషం. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, తగిన కారణం లేకుండా విడిగా ఉంటున్న జీవిత భాగస్వామిని కాపురానికి రమ్మని ఆదేశించాలని కోర్టును కోరవచ్చు. సినీనటి సరిత మీద ఆమె భర్త వేసిన ఇటువంటి వ్యాజ్యంలో 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించారు. తన శరీరాన్ని ఎప్పుడు, ఎవరితో పంచుకోవాలో నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదే అని, రాజ్యం ఆ నిర్ణయాన్ని బలవంతంగా చేయించడం గౌరవానికి, ఏకాంతానికి భంగమని ఆ తీర్పు సారాంశం.

1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ అభిప్రాయాన్ని తిరస్కరించి, వివాహ బంధాన్ని నిలపడంలో ఆ సెక్షన్‌కు సామాజిక ప్రయోజనం ఉందని పేర్కొంది. అదే సంవత్సరం వచ్చిన కుటుంబ న్యాయస్థానాల చట్టం రాజీ ప్రయత్నాన్ని న్యాయస్థానం విధిగా చేర్చి, కౌన్సెలర్ల నియామకానికి వీలు కల్పించింది. ఈ విధంగా ‘కౌన్సెలింగ్’ అనే మాట తెలుగు కుటుంబాల్లో ‘కలిపి పంపడం’ అనే అర్థంతో స్థిరపడింది. పోలీసు స్టేషన్‌లో కౌన్సెలింగ్ జరిగింది అంటే రాజీ కుదిర్చారనే నేటికీ జనం అర్థం చేసుకుంటారు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఏకాంత హక్కును ప్రాథమిక హక్కుగా గుర్తించడంతో జస్టిస్ చౌదరి ఆలోచనకు కొత్త బలం వచ్చింది. అయినా 9వ సెక్షన్ చట్టంలో కొనసాగుతోంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా భార్య విషయంలో అత్యాచార నిర్వచనానికి ఉన్న మినహాయింపును కొనసాగించింది. కాబట్టి చట్టం ఇవ్వని సమ్మతి భావనను కౌన్సెలింగ్ గది ఇవ్వవలసి వస్తోంది. అందరినీ కలుపుకొనే కౌన్సెలింగ్‌కు, రాజీ కౌన్సెలింగ్‌కు గల ప్రధాన భేదం ఇక్కడే ఉంది.

5. వైద్యశాస్త్రం, మెదక్ జిల్లా

ఆధునిక లైంగిక చికిత్సకు రూపం ఇచ్చినవారు అమెరికాకు చెందిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్. 1970లో వెలువడిన వారి గ్రంథం జంటనే చికిత్సకు యూనిట్‌గా స్వీకరించింది. సంభోగం చేయాలనే ఒత్తిడిని కొంతకాలం పక్కన పెట్టించి, స్పర్శను క్రమంగా అలవాటు చేసే ఇంటి అభ్యాసాలు వారి పద్ధతికి మూలం. అయితే అదే జంట 1979లో స్వలింగ ఆకర్షణను మార్చగలమని కూడా ప్రకటించింది. ఆ వాదన తర్వాత విశ్వసనీయత కోల్పోయింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో స్వలింగ ఆకర్షణను వ్యాధుల జాబితా నుండి తొలగించాయి. అంటే లైంగిక చికిత్స పుట్టుకతోనే అందరినీ కలుపుకొన్నది కాదు. విమర్శల వల్ల, ఉద్యమాల వల్ల అది మారింది.

మానసిక ఆరోగ్య సేవల చరిత్రలో మెదక్‌కు ప్రత్యేక స్థానం ఉంది. కర్ణాటకలోని బళ్లారి అనుభవం ఆధారంగా 1996–97లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ నుండి ఎంపికైనది మెదక్. మానసిక వైద్యాన్ని పెద్దాసుపత్రి గోడలు దాటించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చడం దాని ఆశయం. అప్పటి మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజన తర్వాత మెదక్ పట్టణమే జిల్లా కేంద్రమైంది. చేగుంటవాసికి జిల్లా ఆసుపత్రి దగ్గరైంది.

ఈ కార్యక్రమం ప్రధానంగా తీవ్ర మానసిక వ్యాధులు, మూర్ఛ వంటి వాటి మీద దృష్టి పెట్టింది. లైంగిక సమస్యలు, సంబంధాల వేదన దాని ముఖ్య లక్ష్యాలు కావు. అయినా గ్రామీణ రోగి మానసిక వైద్యుని ముందు కూర్చునే అలవాటు ఏర్పడటానికి ఇటువంటి కార్యక్రమమే పునాది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ పునాది మీద హక్కును నిలిపింది. లింగం, లైంగిక దృక్పథం, కులం, మతం, వైకల్యం ఆధారంగా వివక్ష లేకుండా చికిత్స పొందడం, గోప్యత ఇప్పుడు చట్టబద్ధ హక్కులు. సమాజపు నైతిక విలువలతో విభేదించడాన్ని మానసిక వ్యాధిగా నిర్ణయించరాదని కూడా ఆ చట్టం చెబుతుంది.

6. వెలుపల ఉంచబడినవారు

హైదరాబాదు సంస్థానంలో 1919లో వచ్చిన చట్టం ‘నపుంసకులు’ అనే పేరుతో హిజ్రాల వివరాలను రిజిస్టరులో నమోదు చేయమంది. వారు స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. ఆ విధంగా రాజ్యం వారిని సలహాకు అర్హులుగా కాక అనుమానితులుగా చూసింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. 104 ఏళ్ల పాటు ఒక శాసనం అలా నిలిచి ఉండటం గమనార్హం. హైదరాబాదు, సికింద్రాబాదు హిజ్రాల జీవితం మీద గాయత్రి రెడ్డి 2005లో వెలువరించిన మానవశాస్త్ర గ్రంథం వారి ఆలోచనలో ‘ఇజ్జత్’ కేంద్రస్థానంలో ఉన్నదని చూపింది. కౌన్సెలింగ్‌లో వారు మొదట కోరేది ఆ గౌరవమే.

ఈ వర్గాలకు ఆరోగ్య వ్యవస్థతో తొలి విస్తృత సంబంధం ఎయిడ్స్ నియంత్రణ ద్వారా ఏర్పడింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పాటైంది. 2003లో మొదలైన ఆవాహన్ కార్యక్రమం పరిధిలోని ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పరీక్షకు ముందు, తర్వాత కౌన్సెలింగ్ ఇవ్వడం, తోటివారినే కార్యకర్తలుగా నియమించడం ఈ దశలో అలవాటయ్యాయి. అయితే ఇక్కడ వ్యక్తి మొదట ‘ప్రమాదం’గా గుర్తింపు పొందాడు. ప్రేమ, కుటుంబం, ఒంటరితనం తర్వాతి స్థానంలో ఉండిపోయాయి.

2021 జనవరిలో హైదరాబాదు నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్ ఈ లోటును కొంత పూరించింది. హార్మోన్ చికిత్సపై మార్గదర్శనం, మానసిక ఆరోగ్య సలహా, సాధారణ వైద్యం ఒకే చోట అందాయి. విదేశీ సహాయం ఆగిపోవడంతో 2025 ప్రారంభంలో అది మూతపడి, తర్వాత సబ్‌రంగ్ అనే కొత్త పేరుతో తిరిగి తెరుచుకుంది. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం జిల్లాకు ఒకటి చొప్పున 33 మైత్రి ట్రాన్స్ క్లినిక్‌లను ప్రారంభించింది. దాతల నిధి మీద ఆధారపడిన సేవ ఎంత బలహీనమో మొదటి ఉదంతం తెలిపితే, జిల్లా స్థాయి బాధ్యతను రాజ్యం స్వీకరించడం ఎంత అవసరమో రెండవది తెలుపుతుంది.

7. కౌన్సెలింగ్ గదిలో ఆశించదగినవి

పై చరిత్ర నుండి నేటి సేవా స్వరూపాన్ని నిర్ధారించవచ్చు. మొదటి సమావేశం సాధారణంగా వినడంతో మొదలవుతుంది. సమస్య ఎప్పుడు మొదలైంది, ఏ సందర్భాల్లో ఉంది, ఏ మందులు వాడుతున్నారు, మధుమేహం, రక్తపోటు ఉన్నాయా అని అడుగుతారు. అంగస్తంభన లోపం కొన్నిసార్లు ఈ వ్యాధులకు ముందస్తు సూచన కావచ్చు గనుక వైద్యపరీక్ష అవసరం పడుతుంది. మాటలతో జరిగే చికిత్సలో బట్టలు తీయడం, తాకడం ఉండవు. శారీరక పరీక్ష అవసరమైతే అది వైద్యుని గదిలో, రోగి సమ్మతితో జరగాలి.

జంటగా వచ్చినవారితో విడివిడిగా కూడా మాట్లాడటం మంచి పద్ధతి. ఇంట్లో హింస ఉందా అన్నది ఒంటరిగా అడిగితేనే తెలుస్తుంది. హింస ఉన్నచోట కలిపి పంపడం చికిత్స కాదు. సంతానం లేదని స్త్రీకే పరీక్షలు చేయించే కుటుంబాల్లో అసలు కాపురమే జరగలేదన్న విషయం కూడా ఇలాంటి విడి సంభాషణలోనే బయటపడవచ్చు. గోప్యతకు హద్దులున్న సంగతి కూడా ముందే చెప్పాలి. 18 ఏళ్లలోపు వారిపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం తప్పనిసరి.

లైంగిక దృక్పథాన్ని మార్చుతామనే హామీ చికిత్స కాదు. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ స్త్రీ జంట కేసులో తీర్పు చెప్పే ముందు, తన అవగాహన కోసం స్వయంగా మనస్తత్వ నిపుణురాలి వద్ద కూర్చొని, అటువంటి ‘చికిత్స’లను నిషేధించాలని ఆదేశించారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ దానిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ‘పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి’ అనే సలహా కూడా ఈ కోవకే చెందుతుంది. ఆ సలహా ఒక్కరిది కాదు, ఇద్దరి జీవితాలను చెరుపుతుంది.

జాక్ అన్నన్ 1976లో ప్రతిపాదించిన నాలుగు మెట్ల నమూనా చేగుంట వంటి ఊళ్లకు ఉపయోగకరం. మొదటి మెట్టు మాట్లాడే అనుమతి, రెండవది పరిమిత సమాచారం, మూడవది నిర్దిష్ట సూచనలు, నాలుగవది గాఢ చికిత్స. మొదటి రెండింటికీ నిపుణుడు అక్కరలేదు. శిక్షణ పొందిన ఆశా కార్యకర్త, నర్సు, కళాశాల అధ్యాపకుడు సరిపోతారు. మూడవది జిల్లా ఆసుపత్రి పని. నాలుగవదానికి మాత్రమే హైదరాబాదు ప్రయాణం అవసరం. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరు తెలుగులోనూ మాట్లాడుతుంది. పోస్టు కవరు నాడు ఇచ్చిన చాటును నేడు ఫోను ఇవ్వగలదు.

8. ఉపసంహారం

తెలుగునాట సలహా సంప్రదాయం నాలుగు వారసత్వాలను మిగిల్చింది. పత్రిక గోప్యతను, న్యాయస్థానం సమ్మతిపై వాదాన్ని, మెదక్‌లో మొదలైన జిల్లా కార్యక్రమం చేరువను, ట్రాన్స్‌జెండర్ ఉద్యమం గౌరవాన్ని ఇచ్చాయి. అందరినీ కలుపుకొనే కౌన్సెలింగ్ అంటే ఈ నాలుగూ ఒకే గదిలో కలవడం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ గది తిరిగి పంచాయితీ అరుగుగానో గోడ ప్రకటనగానో మారుతుంది.

2023 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు చట్టబద్ధతను నిరాకరించింది. దాంతో అనేక సంబంధాలు ‘సంసారం’ అనే మాటకు వెలుపలే కొనసాగుతున్నాయి. వాటిలోనూ కలహం, అనుమానం, కోరిక తగ్గడం, ఎడబాటు ఉంటాయి. వాటిని గురించి గౌరవంగా మాట్లాడే తెలుగు పదజాలం ఇంకా స్థిరపడలేదు. వైద్య గ్రంథాల అనువాద పరిభాషకు, వీధి భాషలోని తిట్లకు మధ్య వాడుకకు వచ్చే మాటలను సమకూర్చడం భాషా పరిశోధకులు, అధ్యాపకులు చేపట్టవలసిన పని. తన బాధను చెప్పుకోవడానికి మాట దొరకని వ్యక్తికి చట్టం ఇచ్చిన హక్కు అక్కరకు రాదు. మెదక్ జిల్లాలో సుమారు మూడు దశాబ్దాల క్రితం మొదలైన ప్రయత్నానికి తర్వాతి మెట్టు అదే.